పొడికీ ఒక ఆకారం ఉంటుంది

పటికబెల్లం పలుకు ఒకటి తీసుకుని దీపానికి అడ్డంగా పెట్టి చూడండి. వెలుగు అవతలి నుంచి ఇవతలికి చక్కగా వస్తుంది. అదే పలుకును రోట్లో వేసి దంచండి. తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడిని గాజుపలక మీద పలచగా పరిచి మళ్లీ దీపానికి అడ్డం పెడితే అవతల ఏముందో కనిపించదు. పటికబెల్లం ఏమీ మారలేదు. నాలుక మీద వేసుకుంటే అదే తీపి. మారింది ఒక్కటే: పలుకుకూ పలుకుకూ మధ్య గాలి చేరింది. వెలుగు పలుకులోంచి గాలిలోకి, గాలిలోంచి మళ్లీ పలుకులోకి పోతూ ప్రతి గడప దగ్గరా కొంచెం వంగుతుంది, కొంచెం వెనక్కి తిరుగుతుంది. అలా వేలసార్లు జరిగేసరికి ఏ కిరణం ఎటు పోతున్నదో తెలియకుండా చెదిరిపోతుంది. దీన్నే మీ పాఠ్యపుస్తకంలో పరిక్షేపణం అన్నారు. పకోడీలు పొట్లం కట్టిన కాగితం మీద నూనె మరక పడినచోట వెలుగు దూరి రావడం మీరు చూసే ఉంటారు. కాగితం నారల మధ్య ఉన్న గాలిని నూనె తోసేసి ఆ చోటులో తాను కూర్చుంది. గడపలు తగ్గాయి, వెలుగు దారి సులువయింది.

ఇప్పుడు ప్రశ్నను తిరగేద్దాం. పలుకును దంచితే పొడి అయింది కదా, పొడిని మళ్లీ పారదర్శకమైన పలకగా చెయ్యగలమా? కరిగించి పోతపోస్తే వేరే సంగతి. కరిగించకుండా, కుమ్మరి కుండను కాల్చినట్టు కాల్చి చెయ్యగలమా?

చెయ్యగలం. ఆ పని మొదట జరిగింది అమెరికాలో, షెనెక్టడీ పట్టణంలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనశాలలో. 1950ల చివరలో రాబర్ట్ కోబుల్ అనే శాస్త్రజ్ఞుడు అల్యూమినా పొడిని కాల్చి, వెలుగు దూరి వచ్చే పింగాణీని తయారుచేశాడు. అల్యూమినా అంటే అల్యూమినియం ఆక్సైడ్. కెంపు, నీలం అనే రత్నాలు రెండూ ఈ పదార్థమే. కొద్దిపాటి మలినాలే వాటికి రంగునిస్తాయి. కోబుల్ ఆ పొడిలో చాలా కొద్దిగా, నాలుగు వందలకు ఒక వంతు మాత్రమే, మెగ్నీషియం ఆక్సైడ్ కలిపి, హైడ్రోజన్ వాయువులో కాల్చాడు. ఆ పింగాణీకి లూకలాక్స్ అని పేరు పెట్టారు. దానితో చేసిన గొట్టాలే 1960ల మధ్య నుంచి అధిక పీడన సోడియం దీపాల్లోకి వెళ్లాయి. వేడెక్కిన సోడియం ఆవిరి మామూలు గాజును తినేస్తుంది, అల్యూమినాను తినలేదు. పెద్ద రోడ్ల మీద పసుపు వెలుగు చిమ్మిన ఆ దీపాల స్థానాన్ని ఇటీవలి సంవత్సరాల్లో ఎల్.ఇ.డి.లు చాలాచోట్ల ఆక్రమించాయి. మీ ఊళ్లో ఇంకా ఒకటి మిగిలి ఉంటే ఒకసారి తలెత్తి చూడండి. లోపల ఉన్న ఆ చిన్న గొట్టం ఒకప్పుడు పొడి.

ఈ పారదర్శక పింగాణీల గురించి రాసినప్పుడల్లా రెండు సంగతులే చెబుతారు: పొడి స్వచ్ఛంగా ఉండాలి, సన్నగా ఉండాలి. రెండూ నిజమే. కానీ మూడో సంగతి ఒకటుంది. పొడి రేణువు ఏ ఆకారంలో ఉంది? గుండ్రంగానా, రేకులాగానా, పుల్లలాగానా, మూలలు దేరిన రాయిలాగానా? కాల్చిన పలక ఎంత బరువు మోస్తుంది, ఎంత దెబ్బకు పగులుతుంది అన్నదాన్ని తేల్చడంలో ఈ మూడో ప్రశ్నకు పెద్ద వాటా ఉంది. దీన్ని మనం బడిలో అడగడమే లేదు. అడగాలని నా వాదన. ఎందుకో చెబుతాను, ఓపికపట్టి వినండి.

ముందు వంటింట్లోకి వెళ్లండి. ఒకే గ్లాసుతో ఒకసారి బియ్యం, ఒకసారి అటుకులు నిండుగా కొలిచి తూచండి. అటుకులు బియ్యంలో సగం కూడా తూగవు. అటుకులు మాత్రం ఏమిటి? నానబెట్టి వేయించి దంచిన వడ్లే కదా! అటుకు లోపల కూడా కాస్త గాలి ఉంటుందనుకోండి, కానీ అసలు కారణం అది కాదు. గింజ చదునై రేకయింది. రేకులు అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి ఆని, మధ్యలో గదులు గదులుగా గాలిని మిగిల్చాయి. చితుకుల మోపును చూడండి. బరువు తక్కువ, చోటు ఎక్కువ. పుల్లల సంగతీ అంతే.

గుండ్రటివాటి సంగతి వేరు. ఒక గిన్నెలో గోళీలు పోసి, గిన్నెను తట్టి కుదించి, అంచుదాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను వంచి కొలవండి. గిన్నె నిండా పట్టే నీళ్లలో సుమారు 36 నుంచి 40 శాతం ఆ సందుల్లోకి వెళ్తాయి. అంటే గోళీలు ఆక్రమించింది 60 నుంచి 64 శాతం. గోళీలకు బదులు అన్నీ ఒకే సైజున్న చిన్న చిన్న ఇనుప గుండ్లు పోసినా లెక్క దాదాపు ఇదే వస్తుంది. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. గుండు చిన్నదైతే సందు కూడా చిన్నదవుతుంది, కానీ సందుల సంఖ్య పెరుగుతుంది. మొత్తం నిష్పత్తి మారదు. ఒకే సైజు రేణువులు ఎంత మేర నిండుతాయో తేల్చేది పరిమాణం కాదు, ఆకారం. పండ్ల కొట్టువాడు బత్తాయిలను పేర్చినట్టు చేత్తో వరసగా పేర్చితే 74 శాతం దాకా పోవచ్చు. అంతకు మించి ఏ అమరికా ఉండదని 1611లో కెప్లర్ ఊహించాడు. 1998లో థామస్ హేల్స్ నిరూపించాడు. బత్తాయిల కుప్ప మనిషిని దాదాపు నాలుగు వందల ఏళ్లు తిప్పలు పెట్టిందన్నమాట! కానీ పొడిని ఎవరూ ఒక్కొక్క రేణువుగా పేర్చలేరు. పోసి, తట్టి, అదిమి పెట్టడమే.

పింగాణీ చేసేవాడు పొడిని అచ్చులో అదుముతాడు. కాల్చని కుండను పచ్చి కుండ అన్నట్టే దీన్ని పచ్చి బిళ్ల అందాం. పచ్చి బిళ్లలో నూటికి 60 పాళ్లు అల్యూమినా, 40 పాళ్లు గాలి అనుకుందాం. కొలిమిలో పెట్టి 1700 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేస్తారు. అల్యూమినా కరగడానికి ఇంకా 300 డిగ్రీలకు పైగా కావాలి. కరగదు, కానీ రేణువులు తగిలినచోట పరమాణువులు అటూ ఇటూ జరిగి, రెండు రేణువుల మధ్య ఒక మెడలాగా ఏర్పడుతుంది. మెడ లావెక్కుతుంది, సందు కుంచించుకుపోతుంది, బిళ్ల ముడుచుకుంటుంది. సందులన్నీ మూసుకుపోతే బిళ్ల భుజం ఎంత తగ్గుతుంది? ఘనమూలం లెక్క మీకు వచ్చు. 0.6కు ఘనమూలం 0.84. పది సెంటీమీటర్ల భుజం 8.4 సెంటీమీటర్లవుతుంది.

ఇప్పుడు అదే బిళ్లలో ఒక మూల రేకుల్లాంటి రేణువులు గుమిగూడి, అక్కడ 50 శాతమే నిండిందనుకోండి. 0.5కు ఘనమూలం 0.79. అంటే ఒక భాగం 8.4 దగ్గర ఆగుదామంటుంది, పక్క భాగం 7.9 దాకా ముడుచుకుంటానంటుంది. ఇద్దరూ ఒకే బిళ్లలో ఉన్నారు. ఈ లాగులాటలో మధ్యన నెర్రె పడుతుంది. ఎండిన చెరువు అడుగున బురద నెర్రెలు విచ్చేది కూడా ఇలాంటి తగాదాతోనే. పైపొర ముందు ముడుచుకుంటుంది, కింది పొర ఇంకా తడిగా ఉండి రానంటుంది.

నెర్రె పడకపోయినా ఇంకో చిక్కుంది. గుండ్రటి రేణువులు దగ్గర దగ్గరగా కూర్చున్నప్పుడు వాటి మధ్య సందు రేణువు కంటే చిన్నదిగానే ఉంటుంది. నలుగురైదుగురు చుట్టూ నిలబడిన చిన్న సందు వేడికి సులువుగా పూడిపోతుంది. రేకులు వంతెనలా అడ్డం పడి కట్టిన గది అలా కాదు. దాని చుట్టూ పదులకొద్దీ రేణువులుంటాయి. అటువంటి పెద్ద గది ఒక హద్దు దాటితే, ఎంతసేపు కాల్చినా పూడదు. చుట్టూ ఉన్నదంతా గట్టిపడి తళతళలాడుతుంటే, అది మాత్రం లోపల దాక్కుని ఉండిపోతుంది.

దాక్కుంటే ఏం? అద్దం తెల్లగా మసకబారితే మనకు తెలిసిపోతుంది కదా, పారేస్తే సరి, అంటారేమో. ఇక్కడే అసలు కథ. తెలియకపోవచ్చు.

కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వెయ్యండి. రెండు పలకలున్నాయి. రెంటిలోనూ మిగిలిపోయిన గాలి మొత్తం సమానం. మొదటి పలకలో ఆ గాలి అర మైక్రాను వ్యాసం ఉన్న అసంఖ్యాకమైన బుడగలుగా ఉంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రెండో పలకలో అదే గాలి 50 మైక్రాన్ల బుడగలుగా చేరింది. వ్యాసం వంద రెట్లు. ఒక పెద్ద బుడగ ఘనపరిమాణం చిన్నదాని కంటే పది లక్షల రెట్లు కాబట్టి, పెద్ద బుడగల సంఖ్య పది లక్షల రెట్లు తక్కువ. కానీ ఒక్కో పెద్ద బుడగ వెలుగుకు అడ్డం పెట్టే వైశాల్యం పదివేల రెట్లే ఎక్కువ. గుణించండి. మొత్తం మీద రెండో పలకలో వెలుగుకు తగిలే అడ్డు మొదటిదానిలో వందో వంతు! పైగా వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ కొలతకు దగ్గరగా ఉన్న బుడగలు వెలుగును మరీ బాగా చెదరగొడతాయి. అల్యూమినా వక్రీభవన గుణకం సుమారు 1.76, గాలిది 1. అంత తేడా ఉన్నందువల్లే పలకలో వెయ్యింట ఒక వంతు సన్న బుడగలున్నా అవతలి అక్షరాలు అలుక్కుపోతాయి.

అంటే, కంటికి రెండో పలకే స్పష్టంగా ఉంటుంది. ప్రదర్శనలో పెడితే బహుమతి దానికే వస్తుంది. ఇప్పుడు రెంటినీ వంచి విరగ్గొట్టి చూద్దాం.

పెళుసైన పదార్థాలు ఎందుకు అంత తేలిగ్గా విరుగుతాయో ఇంగ్లండులో ఎ.ఎ. గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో అచ్చయిన తన వ్యాసంలో వివరించాడు. గాజులో కంటికి కనపడని పగుళ్లు ముందే ఉంటాయి. లాగినప్పుడు బలం అంతా పగులు కొన దగ్గర పోగవుతుంది. పగులు ఎంత పెద్దదైతే అంత తక్కువ బలానికి అది సాగిపోతుంది. లెక్క ఏమిటంటే, పగులు 4 రెట్లయితే తట్టుకునే బలం సగం. 9 రెట్లయితే మూడో వంతు. 100 రెట్లయితే పదో వంతు. వర్గమూలం చొప్పున తగ్గుతుందన్నమాట. చెరువు కట్ట ఎన్ని మైళ్లున్నా గండి పడేది ఒక్కచోటే. కట్ట సగటు మందం ఎంత అని ఆ రోజు ఎవరూ అడగరు. పెళుసు పదార్థానికి కూడా సగటుతో పనిలేదు. అన్నింట్లోకీ పెద్ద లోపం ఏది, అది ఎక్కడుంది అన్నదే దాని బలం.

మన రెండో పలకలోని 50 మైక్రాన్ల బుడగ తల వెంట్రుక మందానికి కొంచెం తక్కువ. కంటికి ఆనదు, వెలుగుకూ పెద్దగా అడ్డు రాదు. బలానికి మాత్రం అదే గండి. మొదటి పలక నిజంగా పది రెట్లు బలంగా ఉంటుందని నేననను. అంత సన్న బుడగలున్నప్పుడు, దాన్ని విరిచే పని మెరుగు పెట్టేటప్పుడు పడిన గీతో, మరో లోపమో తీసుకుంటుంది. అయినా దిశ స్పష్టం. వెలుగు లోపాలన్నిటినీ కూడి చూస్తుంది. బలం అన్నిటికంటే పెద్దదాన్ని ఒక్కదాన్నే చూస్తుంది. అందుచేత అద్దంలా మెరిసే పలక గట్టిదని హామీ లేదు. రేకులు, గడ్డకట్టిన పొడి ముద్దలు మిగిల్చి పోయేవి ఇటువంటి అరుదైన పెద్ద లోపాలే. పొడి ఆకారం గురించి నేనింత పట్టుబట్టడానికి కారణం ఇదే.

దీని వెనుక ఆటబొమ్మలు లేవు సుమా! అల్యూమినాకు మెగ్నీషియం కలిసిన స్పినెల్ అనే పారదర్శక పింగాణీని తుపాకి గుండుకు అడ్డు నిలిచే కిటికీలకు, క్షిపణుల ముక్కు మీద పరికరాలను కాపాడే గుమ్మటాలకు పరీక్షిస్తున్నారు. పళ్లు సరిచేసే తీగలను పట్టి ఉంచడానికి పంటికి అతికించే చిన్న బిళ్లలను 1980ల నుంచి అర్ధపారదర్శక అల్యూమినాతో కూడా చేస్తున్నారు. అలాంటి బిళ్ల తీసేటప్పుడు నోట్లో విరిగితే ఆ అవస్థ ఎవరిదో చెప్పాలా?

పొడికి ఆకారం ఎక్కడి నుంచి వస్తుందో కూడా కొంచెం తెలుసుకోవాలి. ఎవరో కూర్చుని చెక్కరు కదా. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటిక మీకు తెలుసు. దాని చుట్టమే అమ్మోనియం పటిక. దాన్ని వేడిచేస్తే నీరు, అమ్మోనియా, గంధకపు ఆక్సైడులు ఎగిరిపోయి, పొంగిన నురగలాంటి అల్యూమినా మిగులుతుంది. శుద్ధమైన అల్యూమినా పొడి చేసే పద్ధతుల్లో ఇదొకటి. మిగిలిన అల్యూమినాను ఇంకా వేడిచేసి 1200 డిగ్రీల ప్రాంతానికి తీసుకువెళ్తే, అది కెంపులో ఉండే స్ఫటిక రూపానికి మారుతుంది. మారేటప్పుడు రేణువులు విడివిడిగా నిలవక, వానపాములు పెనవేసుకున్నట్టు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటిని గుండ్ల మరలో వేసి నూరాలి. నూరితే మూలలు దేరిన ముక్కలవుతాయి. సరిగ్గా నూరకపోతే, వానపాముల చుట్టలు కొన్ని అలాగే మిగిలి అచ్చులోకి వెళ్తాయి. అల్యూమినియం హైడ్రాక్సైడు పలక స్ఫటికాలను కాలిస్తే వచ్చే అల్యూమినా ఆ పలకల రూపాన్నే చాలావరకు నిలుపుకుంటుంది. రసాయన సూత్రం అన్నిటికీ ఒకటే: రెండు అల్యూమినియం, మూడు ఆక్సిజన్. సీసా మీద చీటీ ఒకటే. లోపలి జనం వేరు.

ఇంతవరకు చదివి, 'అయితే గుండ్రటి పొడి మంచిది, మిగతావి చెడ్డవి' అని నోట్సులో రాసుకునేవాళ్లుంటారు. కలం ఆపండి. అంత సులువైతే ఈ వ్యాసం అక్కర్లేదు.

1980ల మొదట్లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో బారింజర్, బోవెన్ అనే ఇద్దరు టైటానియం ఆక్సైడును అన్నీ ఒకే సైజు గుండ్లుగా తయారుచేసి కాల్చారు. మామూలు పొడి కంటే చాలా తక్కువ వేడికే అది గట్టిపడింది. గుండ్లకు జై కొట్టే రోజులవి. తరువాత తరువాత ఇంకో సంగతి బయటపడింది. అచ్చంగా సమానమైన గుండ్లు కొంత మేర బత్తాయిల్లా బుద్ధిగా వరసకడతాయి. పక్కన ఇంకో గుంపు మరో దిక్కుగా వరసకడుతుంది. రెండు గుంపుల సరిహద్దులో గీతలా ఖాళీ మిగిలి, కాల్చినప్పుడు అదే పగులవుతుంది. 2004లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మరింత తమాషా చేశారు. చక్కెర పూత పూసిన చాక్లెట్ బిళ్లలు, మన కొట్లో దొరికే జెమ్స్ లాంటివి, డబ్బాల్లో పోసి కొలిచారు. గుండ్లు 64 శాతం దగ్గర ఆగిపోతే, కాస్త అణిగిన ఆ బిళ్లలు 68 శాతం దాకా నిండాయి! గుండు ఎటు తిరిగినా గుండే. అణిగిన బిళ్ల మాత్రం కాస్త ఒరిగి, పక్కవాడి సందులో సర్దుకోగలదు. మరీ అణిగి అటుకయితే మళ్లీ చెడుతుంది. ఎక్కడ ఆగాలన్నది కొలిచి తెలుసుకోవలసిందే.

రేకులను పూర్తిగా తోసిపుచ్చడానికీ లేదు. అల్యూమినా స్ఫటికానికి ఒక చిత్రమైన గుణం ఉంది. వెలుగు ఏ దిక్కున కంపిస్తూ పోతున్నదన్న దాన్నిబట్టి దాని వక్రీభవన గుణకం 1.768 నుంచి 1.760 దాకా మారుతుంది. తేడా చిన్నదే, కానీ పక్కపక్క స్ఫటికాలు తలో దిక్కుకు తిరిగి ఉంటే ప్రతి సరిహద్దు దగ్గరా వెలుగు కొంచెం తొట్రుపడుతుంది. కోబుల్ లూకలాక్స్ గుండా వెలుగు వస్తుంది కానీ అవతలి అక్షరాలు చదవలేకపోవడానికి ఇదొక కారణం. స్ఫటికాలన్నీ ఒకే దిక్కుకు తిరిగితే ఈ బాధ తగ్గుతుంది. రేకులను వేడిచేస్తూ పైనుంచి అదిమితే, తడిసిన రావి ఆకులు నేల మీద పరుచుకున్నట్టు అవి ఒకే వాటంగా పడుకుంటాయి. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాగే, అచ్చంగా రేకుల పొడితోనే, పారదర్శక అల్యూమినా చేసి చూపారు. చెడ్డపిల్లవాడనుకున్నవాడు సరైన బల్ల మీద కూర్చోబెడితే బాగుపడ్డాడు.

ఇటుపక్కన కొందరు పెద్దలు అడ్డుపడతారు. 'ఇప్పుడు గొప్ప గొప్ప యంత్రాలొచ్చాయి, వేడివాయువుతో వెయ్యి, రెండు వేల వాతావరణాల పీడనం పెట్టి నొక్కితే ఏ బుడగైనా మూసుకుపోతుంది, పొడి ఎలా ఉంటేనేం' అని. యంత్రాలు గొప్పవే. వాటిని నేను తక్కువ చేయను. పూర్తిగా లోపల మూసుకున్న బుడగను అవి నిజంగానే అణచివేస్తాయి. కానీ పలక పైభాగం దాకా పాకిన పగులును అవి మూయలేవు, ఎందుకంటే నొక్కవలసిన వాయువే ఆ పగుల్లోకి దూరి లోపలి నుంచి ఎదురు నిలబడుతుంది. పైగా బుడగలు పూడ్చడానికి వేడి ఎక్కువసేపు పెట్టినకొద్దీ స్ఫటికాలు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి. లూకలాక్స్‌లో స్ఫటికాలు ఇరవై ముప్ఫై మైక్రాన్ల దాకా పెరిగాయి. స్ఫటికం పెరిగితే బలం తగ్గుతుంది. చుట్టూ సన్న రేణువులుండి మధ్యలో ఒక పెద్ద రేకు పడిందా, అది చుట్టుపక్కలవాళ్లందరినీ మింగేసి రాక్షసిలా తయారవుతుంది. ఏ పీడనమూ దాన్ని వెనక్కి తిప్పలేదు.

2003లో వచ్చిన రెండు పనులు ఈ విషయంలో నాకు చాలా నచ్చాయి. ఫిలిప్స్ సంస్థకు చెందిన ఆపెట్జ్, వాన్ బ్రూగెన్ స్ఫటికాలను మైక్రాను కంటే సన్నగా ఉంచితే అల్యూమినా అక్షరాలు చదివేంత పారదర్శకమవుతుందని లెక్కకట్టి, చేసి చూపారు. అదే ఏడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో క్రెల్ బృందం సన్న స్ఫటికాలతోనే పారదర్శకంగా, గట్టిగా, బలంగా ఉండే అల్యూమినాను చేసింది. తక్కువ వేడిలోనే సందులన్నీ పూడాలి, అందుకు పచ్చి బిళ్లలో రేణువులు ఎక్కడా తేడా లేకుండా అమరి ఉండాలి. వాళ్ల విజయ రహస్యం అక్కడుంది. మన హైదరాబాదులో బాలాపూర్ దగ్గర ఉన్న ఏ.ఆర్.సి.ఐ. సంస్థవాళ్లు కూడా పారదర్శక స్పినెల్ చేస్తున్నారు. పొడిని పొడిగా అదమకుండా ద్రవంలో కలిపి పేర్చి, ఆ తరువాత వేడి, పీడనం రెండూ ఒకేసారి పెట్టే పద్ధతి వాళ్లది. 2021లో ఆ వార్త పత్రికల్లో వచ్చింది. ద్రవంలో రేణువు నెమ్మదిగా కదిలి తనకు తగిన చోటు వెతుక్కుంటుంది. అచ్చులో పొడిగా అదిమితే మూలలు మూలలకు తట్టుకుని ఎక్కడికక్కడ బిగుసుకుపోతుంది.

ఇక నా సొంత అభిప్రాయంలోకి వస్తాను. గుండ్రమా, రేకా అన్నదాని కంటే, పొడి అంతా ఒకే తీరుగా ఉందా అన్నది ముఖ్యం. అన్నీ గుండ్లయితే ఒక పద్ధతి, అన్నీ రేకులయితే ఒక పద్ధతి నడుస్తుంది. గుండ్లలో పది రేకులు, రేకుల్లో నాలుగు ముద్దలు కలిసిన పొడే అన్నిటికంటే ప్రమాదం. ఎందుకంటే అది సగటు లెక్కల్లో దొరకదు. పొడి నమూనా కొలిచి 'సగటు పరిమాణం ఇంత' అని చీటీ అంటించి పంపేవాడికి ఆ పది రేకులు కనిపించవు. సూక్ష్మదర్శినిలో ఓపికగా చూసేవాడికి కనిపిస్తాయి.

ఈ రంగంలో వచ్చే ఫలితాలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త కూడా అవసరం. 'గుండ్రటి పొడితో చేసిన పలక బలంగా వచ్చింది, రేకుల పొడితో చేసింది రాలేదు' అంటే వెంటనే తలూపకండి. ఆ రెండు పొడులు రెండు కర్మాగారాలవి అయితే పరిమాణం వేరు, మలినాలు వేరు, తేమ వేరు. ఏది కారణమో ఎలా తెలుస్తుంది? ఆకారం ఒక్కటే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచిన ప్రయోగమే సాక్ష్యం. పొడుల విషయంలో అది చెప్పినంత తేలిక కాదు. ఆకారం మార్చబోతే పరిమాణం కూడా మారి కూర్చుంటుంది. మన బియ్యం, అటుకుల పోలిక అందుకే నాకిష్టం. పదార్థం దాదాపు ఒకటే, ఆకారం వేరు. నీళ్లు పోసి కొలవడానికి మాత్రం అది పనికిరాదు, అటుకులు తాగేస్తాయి!

ఇప్పుడు బడి సంగతి. 'పదార్థ ధర్మాలు దేని మీద ఆధారపడతాయి?' అన్న ప్రశ్నకు మన జవాబు పత్రాల్లో ఒకే సమాధానం కనిపిస్తుంది: అందులో ఏయే మూలకాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయన్న దాని మీద. మార్కులు పడతాయి. ఎవరైనా పిల్లవాడు 'దాని రేణువుల ఆకారం మీద, అవి అమరిన తీరు మీద కూడా' అని రాస్తే, జవాబుల పట్టికలో లేదు కాబట్టి దిద్దేవారి కలం ఆగుతుంది. ముప్ఫై ఏళ్లుగా జవాబు పత్రాలు దిద్దుతున్నవాడిగా చెబుతున్నాను, ఆ పిల్లవాడికి పూర్తి మార్కులు ఇవ్వాలి. ప్రయోగశాల రికార్డులో ఉప్పు, పటిక, సున్నం ఏది రాసినా రంగు, వాసన, ద్రావణీయత అని మూడు గళ్లు గీయిస్తున్నాం. నాలుగో గడి గీయించడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. చాలా బళ్లలో సూక్ష్మదర్శిని ఉల్లిపొర చూపించే రోజు తప్ప మిగతా రోజుల్లో పెట్టెలోనే నిద్రపోతుంటుంది. దాన్ని లేపి, చిటికెడు పొడి గాజుపలక మీద వేసి, కనిపించింది కనిపించినట్టు పెన్సిలుతో గీయండి.

అల్యూమినా కోసం వెతుక్కోనక్కర్లేదు. గోధుమపిండి, బియ్యప్పిండి, ముగ్గు పిండి, ముఖానికి రాసే పౌడరు, ఏటి ఇసుక, ఈ ఐదూ చాలు. ఏవి మూలలు దేరి ఉన్నాయి, ఏవి రేకులు, ఏవి గుండ్రం? గీసిన తరువాత ఒక్కోదాన్నీ ఒకే గ్లాసులో పోసి, యాభైసార్లు తట్టి, ఎంత కుంగిందో స్కేలుతో కొలవండి. కుంగింది ఎక్కువైతే ఆ పొడి మొదట గాలిని ఎక్కువగా పట్టి ఉంచిందన్నమాట. పౌడరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకో మీకే తెలుస్తుంది.